తొమ్మిది తద్దినాలు

అరుణమ్మ గారు నన్ను అడిగింది ఒక్క తేదీ. వాళ్ల నాన్న ఏ రోజు పోయాడో ఆ రోజు. అంతకు మించి తనకేమీ అక్కర్లేదని నాతో మూడుసార్లు చెప్పింది.

సింగపూరు, బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకులోనే ఆవిడ ఇల్లు. ఆవిడది నాలుగో అంతస్తు, మాది పదకొండు. నేను తణుకు వైపు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఆవిడ ఇక్కడే పుట్టింది. సెంబవాంగ్ దగ్గర తెల్లవాళ్ల పటాలానికి బట్టలు ఉతికేవాళ్ల కోసం కట్టిన ధోబీ లైన్లలో పుట్టింది. వయసు ఎనభై నాలుగు. భర్త రామన్న గారు పోయి పదేళ్లు. పిల్లలు లేరు. డిసెంబరులో గుండెకి ఆపరేషన్ ఉంది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. డిప్లొమా చేసి, లిఫ్టులూ పంపులూ చూసుకునే సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. శనివారం సాయంత్రాలు మా ఇంట్లో భజన పెట్టుకుంటాం. పంచాంగం చూడటం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అందుకని బ్లాకులో తెలుగువాళ్లకి ఏ తిథి కావాలన్నా మా తలుపే కొడతారు.

మహాలయ పక్షం మొదలైన వారంలో ఆవిడ కర్ర పట్టుకుని పైకి వచ్చింది.

“సీతారామారావు బాబూ, ఒక చావు తేదీ ఎతికి పెట్టాలి నువ్వు.”

“ఎవరిదమ్మా?”

“మా నాన్నది. అప్పయ్య. వేల్స్ దేశపు పటాలం ఒకటి ఇక్కడ ఉండీది. యాభై ఏడులో ఆళ్లు ఓడెక్కి ఎల్లిపోతా, నాన్నని బట్టలుతకడానికి తీసుకుపోయేరు. రెండేళ్లలో వచ్చీస్తానన్నాడు. కార్డిఫ్ అని ఊరు. అక్కడి బ్యారక్స్‌లో ఉండీవాడు.”

“మరి మీరు ఆషాఢంలో తద్దినం పెడతారు కదా?”

“అది గడ్డిబొమ్మ తిథి.”

అప్పుడు చెప్పింది. మొదటి ఏడాది మూడు ఉత్తరాలు వచ్చాయట. అప్పయ్యకి రాయడం రాదు. పటాలంతో పాటే వెళ్లిన తెలుగాయన ఒకాయన, చెప్పులు కుట్టేవాడు, రాసిపెట్టేవాడు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆనవాలు లేకుండా పోయిన మనిషి కోసం పన్నెండేళ్లు చూడాలి, అప్పటికీ రాకపోతే గడ్డితో బొమ్మ చేసి దహనం చెయ్యాలి, కర్మ జరిపించాలి. మన పెద్దలు పెట్టిన పద్ధతి అది. లైన్లకి పెద్దగా ఉన్న మారయ్య అనే ఆయన లెక్క చూసి చెప్పాడట. డెబ్భయ్యో సంవత్సరం ఆషాఢంలో బొమ్మని కాల్చారు. తల్లి ఆదెమ్మ గాజులు పగలగొట్టించారు. అప్పటి నుంచి ఆ తిథికే ఏటా పెద్దలకి పెట్టుకుంటున్నారు.

“శాస్త్రం ఒప్పుకున్న తిథే కదమ్మా అది. ఇప్పుడు అసలు తేదీ ఎందుకు?” అన్నాను.

“శాస్త్రం ఒప్పుకుంది బాబూ. నాకే ఒప్పుకోలేదు.”

ఎందుకో చెప్పలేదు. మా ఆవిడ సత్యవాణి కాఫీ ఇచ్చింది. పక్కనే ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి మహతి తల ఎత్తింది.

“ఆంటీ, స్పెల్లింగ్ చెప్పండి. నేను సెర్చ్ చేస్తా. ఈజీ లా,” అంది ఇక్కడి పిల్లల యాసలో.

“ఎనభై నాలుగేళ్ల ముసల్దాన్ని ఆంటీ అంటాది సూడు, బాగుంది!” అని నవ్వింది అరుణమ్మ గారు. “నాకు స్పెల్లింగులు రావు తల్లీ. అప్పయ్య అంటే అప్పయ్యే.”

ఈజీ కాలేదు. మహతి కాలేజీ నుంచి వచ్చాక రోజూ కాసేపు వెతికేది. రెండు వారాల తర్వాత ఆ బ్యారక్స్ చరిత్ర రాసిపెట్టిన ఒక పేజీ దొరికింది. అక్కడే పని చేసి రిటైరైన సైనికుడు ఒకాయన ఓపిగ్గా పోగుచేసిన చరిత్ర. ఆయనకి మెయిల్ రాసింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది, దానితో ఇరవై ఆరు పేజీలు.

ఆ పేజీలు నేను ప్రింటు తీయించి రైల్లో వస్తూ పోతూ చదివాను. నా ఇంగ్లీషు నెమ్మది. నూట నలభై, నూట యాభై ఏళ్ల కిందట రాతితో కట్టిన బ్యారక్స్ అవి. పెద్ద గేటు, మధ్యలో కవాతు మైదానం, గుర్రాల కొట్టాలు, పెళ్లయిన సిపాయిల ఇళ్లు. మొదటి ప్రపంచ యుద్ధానికి కుర్రాళ్లు ఆ గేటులోంచి రైల్వే స్టేషను దాకా నడిచి వెళ్లారట, దారి పొడుగునా తల్లులు నిలబడి ఉన్నారట. వాళ్లలో తిరిగి రానివాళ్ల పేర్లే మూడు పేజీలు ఉన్నాయి. రెండో యుద్ధం. తర్వాత పటాలం చిన్నదైపోయింది. కొట్టాలు కూల్చారు. మైదానంలో సగం ఇప్పుడు ఇళ్లు, సగం కార్లు నిలిపే చోటు.

కర్నళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో పేజీ ఉంది. వెనక గోడవార ఉన్న బట్టల కొట్టు గురించి పదకొండు వాక్యాలు. ఆ పదకొండూ అప్పయ్య గురించే. దేవుడి పుస్తకంలో కూడా పేజీలు ఇలాగే పంచుతారా అని ఒక నిమిషం అనిపించి, తప్పు అనుకుని లెంపలేసుకున్నాను.

తేదీ దొరికింది. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, నవంబరు ఎనిమిది, సాయంత్రం. పంచాంగం చూస్తే కార్తీక బహుళ పంచమి.

దొరికింది తేదీ ఒక్కటే అయితే బాగుండేది.

ఇంటికి వచ్చి సత్యవాణికి చూపించాను. పప్పు తిరగమోత వేస్తున్నది, స్టవ్ ఆపి చదివింది.

“డెబ్భై ఒకటిలో ఇక్కడికి వచ్చాడా ఈయన?”

“అలాగే రాశారు.”

“వచ్చి, వీళ్లని చూడకుండా వెళ్లిపోయాడా? ఇది ఆవిడకి చెప్తారా? గుండె ఆపరేషన్ పెట్టుకుని?”

“అబద్ధం చెప్పమంటావా?”

“అబద్ధం ఎందుకండీ. ఆవిడ అడిగింది తేదీయేగా. తేదీ చెప్పి ఊరుకోండి.”

అది నాకు సబబుగా తోచింది. అడిగినదానికి జవాబు చెప్పి, అడగనిది దాచుకుంటే అబద్ధం కాదు కదా. ఇలాంటివి మనకి మనం చెప్పుకోవడం ఎంత సులభమో!

ఆదివారం పొద్దున మహతిని తీసుకుని నాలుగో అంతస్తుకి వెళ్లాను. ఆవిడ ఉతికిన దుప్పటి మడత పెడుతోంది. ఆ వయసులోనూ అంచుకి అంచు కలిపి మడిచే తీరు వేరు.

“మకాన్ అయ్యిందా?” అని ఇక్కడి మాటలోనే అడిగింది, తిన్నారా అని. అయ్యిందన్నాను. కాగితాలు చేతిలో పట్టుకుని తేదీ చెప్పాను, తిథి చెప్పాను.

ఆవిడ వేళ్లు ముడుస్తూ లెక్క పెట్టుకుంది.

“తొమ్మిది,” అంది.

“ఏమిటమ్మా?”

“ఏం లేదు. ఇంకేటి రాసుంది?”

“అంతే. ఆ బ్యారక్స్ సంగతులు. గోడలూ గేట్లూ.”

“ఇరవై కాగితాలున్నాయి నీ చేతిలో. అన్నీ గేట్లేనా?”

నేను కాగితాలు సర్దుకున్నాను. ఆవిడ నన్ను వదిలేసి మహతి వైపు తిరిగింది.

“మీ నాన్నకి అబద్ధం ఆడ్డం రాదు, ముఖం సూడు ఎలాగుందో. నువ్వు చదువమ్మా. ఇంగ్లీషులోనే చదువు. నాకు చదవడం రాదు గానీ ఇంటే మీ నాన్న కన్నా బాగా తెలుస్తాది. దొరసానుల ఇళ్లల్లో పదహారేళ్లు పిల్లల్ని పెంచినాను.”

ఇరవై రెండేళ్లుగా ఆవిడకి వచ్చిన కరెంటు బిల్లులూ ఆసుపత్రి కాగితాలూ నేనే తెలుగులో చెప్పిపెడుతున్నాను. ఒక్కసారి కూడా నాకు తెలుసులే అనలేదు. నేను చిన్నబుచ్చుకుంటానని ఊరుకుందేమో.

మహతి నా వంక చూసింది. నేను తల ఊపలేదు, అడ్డం చెప్పలేదు. చదవడం మొదలుపెట్టింది.

పటాలం సింగపూరు నుంచి తెచ్చుకున్న చాకలి అప్పయ్య. చొక్కా మడతలు కత్తిలా ఉండేవి. చలికాలంలో ఇస్త్రీపెట్టె బొగ్గుల దగ్గర సిపాయిలు చేతులు కాచుకోవడానికి వచ్చేవాళ్లు. అతనికి అక్షరాలు రావు, ప్రతి మనిషి బట్టలకీ ఒక గుర్తు వేసేవాడు, మూడు వందల గుర్తులు నోటికి వచ్చు. పటాలం వేరే దేశాలకు వెళ్లినా అతన్ని బ్యారక్స్‌లోనే ఉంచేశారు.

“పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి, జనవరిలో,” అని చదివి మహతి ఆగింది.

“చదువు తల్లీ.”

జనవరిలో సిపాయిలు తలా కొంచెం వేసుకుని అతనికి ఓడ టిక్కెట్టు కొన్నారు. సింగపూరు వెళ్లాడు. వేసవి రాకముందే తిరిగి వచ్చేశాడు. ఏమైందని అడిగితే, మా ఇంట్లో నేను చనిపోయాను అన్నాడట. మళ్లీ ఆ మాట ఎత్తలేదట.

నేను అరుణమ్మ గారి ముఖం చూడలేక దుప్పటి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. చాలా మామూలుగా మాట్లాడింది.

“అన్నది నిజమే. నేనే చెప్పినాను ఆయనకి, నువ్వు చచ్చిపోయేవని.”

మహతి కాగితం దించింది.

“అమ్మ గుడికి ఎల్లింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. పొద్దున పదకొండు గంటలు. ఎండ. గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు, ఉన్ని కోటేసుకుని. ఈ ఎండలో ఉన్ని కోటేటి, పిచ్చోడనుకున్నాను. అరుణా అన్నాడు. అప్పుడు పోల్చుకున్నాను. నాకు ముప్ఫై ఏళ్లు. అమ్మ గాజులు పగలగొట్టించి ఆరు నెలలు అయ్యింది. అప్పుడప్పుడే రెండు ముద్దలు తింటోంది.”

“లోపలికి పిలవలేదా ఆంటీ?” అంది మహతి.

“కర్మ అయిపోయినోడు గుమ్మం దాటకూడదు తల్లీ. దానికీ ఒక దారుంది. మారయ్య మామ బొమ్మని కాల్చిన రోజే చెప్పినాడు. ఒకేళ మనిషి వచ్చీస్తే, పురిటి స్నానం చేయించి, బియ్యంలో పేరు రాసి, పసిపిల్లోడికి చేసినట్టు అన్నీ చెయ్యాలి. మళ్లీ పుట్టినట్టు. అప్పుడు అమ్మకి ఆయనే మళ్లీ తాళి కట్టాలి. ఆ మాట నాన్నకి చెప్పినాను. చేయించు తల్లీ, నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను అన్నాడు.”

ఆవిడ దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచింది.

“నాకు కోపం. పదమూడేళ్లు ఒక్క కాగితం ముక్క రాయనోడికి మళ్లీ పుట్టుకేటి అన్నాను. రాయించానే తల్లీ అన్నాడు. అబద్ధాలు అన్నాను. అక్కడ ఇంకో సంసారం పెట్టుంటావు, అది తరిమేసుంటాది, ఇప్పుడు గుర్తొచ్చేమా అన్నాను. అమ్మ వచ్చే ఏళయింది ఎల్లిపో అన్నాను. ఎల్లిపోయేడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కోటు వీపంతా చెమట.”

“అమ్మగారికి?” అన్నాను.

“చెప్పలేదు. ఎలా చెప్తాను? ఆషాఢం వచ్చేసరికి అమ్మే గుర్తు చేసీది, మీ నాన్నకి పెట్టుకోవాలి, ఆకుకూర తెమ్మని. బతికున్నోడికి నా చేత్తో వండి తద్దినం పెట్టినాను బాబూ. మా ఆయన కూర్చుని పెట్టీవాడు. ఎన్నేళ్లు పెట్టేనో తెలియాలని అడిగేను నిన్ను. తొమ్మిది. అమ్మ ఎనభై తొమ్మిదిలో పోయింది. విధవగానే పోయింది.”

ఆవిడకి ఒక్క తేదీ ఎందుకు కావాలో అప్పుడు తెలిసింది. మహతి చేతిలో ఆఖరి కాగితం ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు, అమ్మాయికీ తెలుసు.

“చాలమ్మా మహతీ, ఆంటీ అలసిపోయారు,” అన్నాను.

“ఇంకా కాగితం ఉంది కదా.”

“దహనం, సమాధి... అలాంటివే అమ్మా.”

“నేను ఇన్నేళ్లు దాచి ఏటి బావుకున్నాను? నువ్వు మొదలెట్టకు బాబూ. చదువు తల్లీ.”

మహతి ఇంగ్లీషులోనే చదివింది. న్యుమోనియాతో పోయాడు. బ్యారక్స్ పాదిరీ గారు ప్రార్థన చేసి ఊరి శ్మశానంలో పాతిపెట్టారు, అక్కడ ఇంకే పద్ధతి చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. అతని రేకు పెట్టెలో పద్నాలుగు ఉత్తరాలు దొరికాయి. తెలుగులో రాసిపెట్టేవాళ్లు లేక, ఒక సార్జెంటు భార్య అతను చెప్తే ఏడాదికి ఒకటి, కొన్నిసార్లు రెండు, ఇంగ్లీషులో రాసిపెట్టేది. అన్నీ సింగపూరు దాకా వెళ్లి, ఆ చిరునామాలో ఎవరూ లేరని ముద్ర వేయించుకుని తిరిగి వచ్చినవే. ప్రతి కవరు వెనకా సంతకం బదులు ఒకే గుర్తు ఉంది, మూడు చుక్కలూ కింద ఒక గీతా.

“చిరునామా ఏటుంది?” అంది అరుణమ్మ గారు.

మహతి చదివింది. సెంబవాంగ్, ధోబీ లైన్లు.

“యాభై తొమ్మిదిలో కూల్చీసేరు అవి. నీసూన్ అని ఊరు, మేము ఆ వైపు పల్లెకి పోయేము. నాన్న ఎవర్ని అడిగి అక్కడికి వచ్చేడో ఏటో. అమ్మ ప్రతి సోమవారం పోస్టాఫీసుకి ఎల్లి అడిగీది. కొత్త ఊరి పోస్టాఫీసుకి. పాత ఊరికి ఎల్లి అడగాలని మాకు తోచలేదు.”

“ఆ గుర్తు...” అన్నాను.

“దొరల బట్టలకేస్తాం గానీ మన బట్టలకి గుర్తు వెయ్యం. నాన్న మాత్రం సరదాకి అమ్మ చీరలకి ఇదే గుర్తు వేసీవాడు.”

అంతవరకు నిబ్బరంగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని, పక్కింటి చైనా వాళ్లకి వినపడకూడదన్నట్టు ఏడ్చింది. మహతి వెళ్లి పక్కన కూర్చుంది. నేను మంచినీళ్లు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను.

మూడు రోజుల తర్వాత ఆవిడ మళ్లీ పైకి వచ్చింది.

“పంచమినాడు ఊరికే పెడితే కుదరదు బాబూ. మనం ఆయన్ని చంపీసేం. చంపినోణ్ణి చంపినట్టే ఉంచి అన్నం పెడితే ఎలా తింటాడు? ముందు మళ్లీ పుట్టించాలి. పేరెట్టాలి. అప్పుడు కదా ఆయన పోయింది నిజం అవుతాది.”

నేను గుళ్లో పూజారి గారిని అడిగాను. మంచివాడు, శ్రద్ధగా విన్నాడు.

“మనిషి ఎదురుగా ఉంటే చెయ్యాల్సిన సంస్కారం అది. పోయినవాడికి పురుడు చేసే విధి నేనెక్కడా చదవలేదు. పంచమినాడు భక్తిగా పెట్టండి, చాలు,” అన్నాడు.

అదే ఆవిడకి చెప్పాను.

“పూజారి గారు చెయ్యరన్నమాట. నువ్వు చేస్తావా?”

“తప్పేమో అమ్మా.”

“తప్పే కావచ్చు. విధి ప్రకారం చేసింది చూసేం కదా ఏటయ్యిందో.”

మా పెద్దలు చెప్పిన పద్ధతుల మీద నాకు గౌరవం. మారయ్య గారు చెప్పింది తప్పు కాదు. లెక్క సరిగ్గానే చూశాడు. గాజులు తీయించిన వాళ్లూ సరిగ్గానే తీయించారు. అందరూ సరిగ్గా చేస్తే ఒక మనిషి ఎండలో ఉన్ని కోటుతో గుమ్మం బయట నిలబడిపోయాడు. తప్పు ఎక్కడుంది స్వామీ అని ఆ రాత్రి దీపం ముందు అడిగాను. చేస్తానని మర్నాడు ఆవిడకి చెప్పాను.

కార్తీక బహుళ పంచమి నాడు సెలవు పెట్టాను. సత్యవాణి తెల్లవారుజామునే వెళ్లి వంటలో సాయం చేసింది. ముద్దపప్పు, ఆకుకూర, గారెలు, పాయసం. మడతలు విప్పని కొత్త పంచె. మహతి కాలేజీ మానేసి వచ్చింది.

పళ్లెంలో బియ్యం పోశాను. పసుపు నీళ్లు చల్లాను. అక్కడ చిక్కు వచ్చింది.

“పేరు తండ్రి రాయాలమ్మా. ఈయనకి తండ్రి స్థానంలో ఎవరు?”

“తల్లినని నేనున్నాను కదా. ఆయన అదే అన్నాడు, తల్లీ తల్లీ అని,” అంది.

ఆవిడకి తెలుగు రాయడం రాదు. నేను ఆవిడ చూపుడువేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించాను. వేలు చల్లగా ఉంది. అప్పయ్య అని పూర్తయ్యాక పేరు మూడుసార్లు పైకి పలకమన్నాను. తండ్రిని ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి నాకు మాత్రమే వినపడింది. మూడోసారి గట్టిగా అంది.

తర్వాత నేను కూర్చుని నువ్వులూ నీళ్లూ వదిలాను. కన్న కొడుకుని కాను, గోత్రమూ నాది కాదు. దేవుడికి వివరం చెప్పుకున్నాను, ఇదీ సంగతి అని. ఆకు వేసి అన్నీ వడ్డించాం. కొత్త పంచె పక్కన పెట్టాం. ఆకు కిటికీ దగ్గర పెడతారు మామూలుగా, కాకికి. ఇక్కడ కాకులు తక్కువ, మైనా పిట్టలు వస్తాయి. ఆవిడ కిటికీ దగ్గర వద్దంది. హాల్లో తలుపుకి ఎదురుగా, గుమ్మానికి లోపల పెట్టమంది. ఇనప గేటు కూడా బార్లా తీయించింది.

“లోపలికి రా నాన్నా,” అంది.

పెద్దలు తిన్నాకగానీ ఇంట్లోవాళ్లు తినకూడదు. మామూలుగా ఒక పావుగంట ఆగి, తిన్నారనుకుని లేస్తాం. పావుగంట అయ్యింది. ఆవిడ లేవలేదు. అరగంట అయ్యింది. వరండాలో పక్కింటి చైనా ఆవిడ కూరగాయల సంచితో వెళ్తూ, లోపలికి చూసి, తల వంచుకుని మెల్లగా వెళ్లిపోయింది.

“మందులు వేసుకోవాలమ్మా, ఏదైనా తినండి,” అంది సత్యవాణి.

“ఇంకొంచెం సేపు చూద్దాం,” అంది ఆవిడ. “దూరం కదా.”

పాయసం మీద మీగడ కట్టింది. మహతి ఆవిడ చెయ్యి పట్టుకుని కింద కూర్చుంది. వరండా చివర లిఫ్టు ఆగినప్పుడల్లా అరుణమ్మ గారు తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. ఆ లిఫ్టు నాలుగో అంతస్తులో ఎందుకు ఆగుతుందో, ఎవరికి ఆగుతుందో, ఆ పనిలో ఉన్న నాకు బాగా తెలుసు. ఆగిన ప్రతిసారీ నేనూ తల ఎత్తాను.